బండి మీద సలాం లేదు

జనాజా ఇంకా లేవలేదు, శవం ఇంట్లోనే ఉంది. దబీర్‌పురా గల్లీలో ఆ ఇంటి ముందు పరిచిన జంపఖానా మీద కూర్చుని పెద్దమనుషులు అప్పుడే మొదలుపెట్టారు.

"మంచోడే పాపం. ఆ కోపమే ఆయనను తిన్నది," అన్నాడొకడు.

"జబాన్ మీద కాబూ లేకుండె, నోటికెంతొస్తే గంత," అని ఇంకొకడు తలూపాడు.

మూడోవాడు గొంతు తగ్గించి, "ఆ ఫట్‌ఫటీ పిలగాడు సచ్చిపోయింది గూడ ఈయన సరిగ్గ నేర్పకనేనంట గద," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చావింట్లో లొల్లి చేయకూడదు కాబట్టి లేచి చెప్పులు తొడుక్కుని గల్లీ చివర నిలబడ్డాను. చచ్చినవాణ్ణి నాలుగు మంచి మాటలతో సాగనంపుతారంటారు. ఈ మనిషికి ఆ నాలుగు మాటలు కూడా దొరకలేదు. ఈ పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆయన దగ్గర ఒక్క పూట కూడా నేర్చుకున్నవాడు కాదు. ఒక్కడికీ ఆ కోపం దేని మీదో తెలియదు. తెలియకపోతే నోరు మూసుకుని కూర్చోవచ్చు, ఎవరు వద్దన్నారు?

ఆయన పేరు నేను ఎన్నడూ నోట పలకలేదు. ఇప్పుడూ పలకను. మాకు ఆయన ఉస్తాద్, అంతే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మా ఇల్లు కార్వాన్‌లో. ఇంట్లో బర్రెలు, సైకిల్ మీద ఇంటింటికీ పాలు పోయడం నా పని. ఒక సర్కారు కచేరీలో ఫట్‌ఫటీల మీద టపా మోయడానికి మనుషులు కావాలంటే వెళ్లాను. ఫట్‌ఫటీ అంటే మోటార్ సైకిల్. ఆ చప్పుడుకి మా ఊరు పెట్టుకున్న పేరు అది. అప్పుడే నగరంలో సిమెంటు రోడ్లు పడ్డాయి. బండ్లకు వేగం వచ్చింది, మనుషులకు రాలేదు. రోడ్ల పక్కన ఇనుప కంబాలు పాతి, వాటికి ఎర్ర గీతల పలకలు బిగించారు. అవేమిటో ఎవరికీ పట్టలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ గుర్తులు నేర్పడానికి కచేరీ వాళ్లు ఉస్తాద్‌ను పెట్టుకున్నారు.

మూసీ ఒడ్డున కార్వాన్ వైపు ఒక మైదానం ఉండేది. మొదటి రోజు బండి ఎక్కిస్తాడని మేమంతా ఉబ్బిపోతూ వెళ్లాం. బండి గోడకు ఆనించి ఉంది. ఎవడో దాని మీద చేయి వేశాడు. ఉస్తాద్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ఇనుము నడుపుడు గాడిద గూడ నేర్సుకుంటది. ముందుగాల కండ్లు తెర్సుడు నేర్సుకోండ్రి."

బక్కపలచటి మనిషి. మే నెల ఎండలో కూడా షేర్వానీకి మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు. నెత్తిన ఎర్ర రూమీ టోపీ. బండెక్కేటప్పుడు ఆ టోపీ తీసి షేర్వానీ లోపల దోపుకునేవాడు, దిగగానే తీసి తట్టి మళ్లీ పెట్టుకునేవాడు. గొంతు ఎప్పుడూ బొంగురుపోయి ఉండేది, అరిచి అరిచి. మాతో మా తెలుగే మాట్లాడేవాడు, మధ్యమధ్య దక్కనీ కలిపి. తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ సమానంగా పంచేవాడు.

రేకు ముక్కల మీద గుర్తులు తనే రంగులతో వేసుకొచ్చేవాడు. మైదానంలో మమ్మల్ని నడిపిస్తూ, మాటల మధ్యలో చటుక్కున ఒక రేకు పైకెత్తి వెంటనే దించేసేవాడు. ఏం చూశామో చెప్పాలి. చెప్పలేనివాణ్ణి కొట్టేవాడు కాదు. తన చెప్పు తీసి తన ముందే నేలకేసి కొట్టేవాడు. "కండ్లు యాడ పెట్టొచ్చినవ్ రా? ఇంట్ల గూట్ల పెట్టొచ్చినవా?"

మూడు మూలల ఎర్ర గీత అంటే ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని. ఎర్ర గుండ్రం అంటే వద్దు అని. దాన్ని ఆయన తన పద్ధతిలో చెప్పేవాడు: "మూలలది చెప్తది. గుండ్రంది తిడ్తది." ఈ రెండు ముక్కలూ మాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తాయి. మాలో ఉర్దూ బాగా చదివినవాడొకడు ఉండేవాడు. పలక కింద రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదువుతూ, చదివేసరికి పలక దాటిపోయేవాడు. ఉస్తాద్ అతని చేతిలో రేకు పెట్టి, "ఇంటికి తీస్కపోయి పండుకొని సద్వుకో. రోడ్డు మీద సద్వెటోడు సస్తడు. బొమ్మ సూడు, బొమ్మ!" అని అరిచాడు.

ఆయనతో బజారుకు వెళ్లడం ఇంకో శిక్ష. నయాపూల్ వంతెన మీద జనం ఒకళ్లనొకళ్లు తోసుకుంటుంటే భుజం పట్టి ఆపేవాడు. "యెనక ఏం నిశానీ పోయింది?" గుర్తును ఆయన నిశానీ అనేవాడు. తెలియదంటే వెనక్కి నడిపించి చూపించి మళ్లీ తీసుకొచ్చేవాడు. అక్కడొక పాన్ దుకాణం వాడు ఎండకు కట్టుకున్న గోనెపట్టా తాడును గుర్తు కంబానికి ముడేశాడు. పట్టా కిందికి జారి పలకను కప్పేసేది. ఉస్తాద్ వెళ్లినప్పుడల్లా ఆ ముడి విప్పేవాడు. వెనక్కి తిరిగేసరికి వాడు మళ్లీ కట్టేవాడు.

"అరే భాయ్, నీడకు కట్టుకున్న. నీకేం నొప్పి?" అని పాన్ వాడు చేతులు తిప్పాడు ఒకసారి.

"నీ నీడల కూసొని తమలపాకులు తడుపుకుంట ఉండు. గీ మలుపుల ఎవనికన్న తలకాయ పగిల్తే గదే ఆకు పెట్టి కట్టు!" అని ఉస్తాద్ నడిబజార్లో వాడి మీదికి లేచాడు. జనం గుమిగూడి నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఆయనకు ఇంకా మండేది. నాకూ మండేది. పలక కనబడటం లేదని ఒక మనిషి గొంతు చించుకుంటుంటే అందులో నవ్వడానికి ఏముంది?

కోపిష్టి అన్నారే పెద్దమనుషులు, ఆయన మర్యాద చూశారా వీళ్లు? నేల మీద ఉన్నప్పుడు ఆయనంత అదబ్ తెలిసినవాణ్ణి నేను చూడలేదు. గల్లీ ఊడ్చే ముసలమ్మకైనా సరే ఆగి, టోపీ సర్దుకుని సలాం చేసేవాడు.

మా ఊరి సలాం ఎట్లాంటిదో చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. సలాం అంటే చేయి ఊపడం కాదు. నడుం వంచాలి, తల దించాలి, కుడిచేయి కిందినుంచి నుదుటిదాకా తేవాలి. ఎదుటివాడు ఎంత పెద్దవాడైతే చేయి అంత కిందినుంచి రావాలి. చూపు నేల మీదే ఉండాలి. కళ్లలో కళ్లు పెట్టి చూస్తే అది పొగరు కింద లెక్క. ఫట్‌ఫటీకి వేగం పెంచేదీ తగ్గించేదీ కుడిచేతిలోనే ఉంటుంది. ముందు చక్రం బ్రేకూ ఆ చేతిలోనే. బండి మీద పోతూ పెద్దమనిషి కనబడగానే సలాం చేసేవాడు చేయీ వదులుతాడు, చూపూ వదులుతాడు. ఈ తప్పు చేయాలంటే మా ఊళ్లోనే పుట్టాలి. మాకు అది అన్నప్రాశన నాడే పట్టించారు. మైదానంలో బండెక్కిన మొదటి వారం మాలో సగంమంది ఒడ్డున పోయే మౌల్వీ గారికో పటేలుకో సలాం చేసి ఇసుకలో బోర్లా పడ్డవాళ్లమే.

అందుకే బండెక్కించాక ఉస్తాద్ మొట్టమొదటి పాఠం గుర్తుల గురించి కాదు. "బండి మీద సలాం లేదు. బాపు అడ్డమొచ్చినా లేదు. బాద్షా అడ్డమొచ్చినా లేదు. సెయ్యాలనిపిస్తే దిగు. బండి నిలవెట్టు. నడ్సుకుంట పోయి నేల దాక వంగు. బండి మీదున్నంత సేపు నీ కండ్లు నీయి గావు, రోడ్డుయి."

తను చెప్పింది తను చేసేవాడు. ఆయన పెద్దన్న మసీదుకు నడిచి పోతుంటే పక్కనుంచి బండి మీద రయ్యిమని పోయాడు ఒకనాడు. వెనక కూర్చున్నది నేను. అన్నగారి మొహం ముడుచుకుపోయింది. గల్లీ చివరిదాకా పోయి ఉస్తాద్ బండి ఆపాడు, స్టాండు వేశాడు, టోపీ తీసి తట్టి పెట్టుకున్నాడు, ఆ గల్లీ పొడవునా వెనక్కి నడిచి వచ్చి అన్న ముందు వంగి సలాం చేశాడు. "పోయేటప్పుడే సేస్తె నీ చెయ్యి ఇర్గుతుండెనా?" అన్నాడు అన్న. "ఇర్గుతుండె భాయ్‌జాన్. నాది గాకపోతె ఇంకొకనిది," అని ఈయన మళ్లీ నడుచుకుంటూ బండి దగ్గరికి పోయాడు.

యాదగిరి నాతోపాటే చేరాడు. నోట్లో నాలుక లేనివాడు. భార్య రాజమ్మ, ఇద్దరు పిల్లలు. టపా మోసేవాళ్లకు కచేరీ వెనక సర్కారు గదులు ఉండేవి, అందులో ఒకటి అతనికి దొరికింది. అప్పటిదాకా అత్తగారి వసారాలో కాలం గడిపిన రాజమ్మకు ఆ గది రాజమహల్ కంటే ఎక్కువ. ఉస్తాద్ రేకు ఎత్తీ ఎత్తకముందే చెప్పేసేవాడు యాదగిరి. మా అందరికీ తిట్లు పడేవి, అతనికి మాత్రం ఎన్నడూ పడలేదు. అతనివైపు చూసి ఉస్తాద్ "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం మేమంతా కుళ్లుకునేవాళ్లం.

మా కచేరీకి పెద్ద, మొహతమీం సాబు అనేవాళ్లం, ఒకనాడు ఎవరో చుట్టాన్ని కారులో ఎక్కించుకుని నయాపూల్ మీదుగా వస్తున్నాడు. ఎదురుగా యాదగిరి టపా సంచితో పోతున్నాడు. కారును చూశాడు. చూపు రోడ్డు మీదే ఉంచి పోయాడు. కారులోని చుట్టం నవ్వి, "మీ నౌకర్లు మీకు సలాం కూడా చేయరా?" అన్నాడట. ఆ ఒక్క నవ్వుకు సాబుకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున యాదగిరిని కచేరీ ముంగిట్లో నిలబెట్టారు. కుడిచేయి నుదుటిమీద పెట్టుకుని, నడుం వంచి, ఎండలో. దించమనేదాకా దించకూడదు. కాళ్లకింద బండలు కాలిపోతున్నాయి. వచ్చేపోయే ప్రతివాడూ చూస్తున్నాడు. వెనక గది గుమ్మంలోంచి రాజమ్మ చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. చెయ్యి కొంచెం దిగితే జవాను కర్రతో మోచేతిని పైకి లేపేవాడు. మనిషిని కొడితే ఒక దెబ్బతో పోతుంది. ఇదేం శిక్ష? మర్యాదనే తీసుకుని దానితోనే కొట్టడం కాదా ఇది?

మధ్యాహ్నానికి ఉస్తాద్‌కు తెలిసింది. వచ్చాడు. యాదగిరిని దాటుకుని నేరుగా సాబు గదిలోకి పోయాడు. తలుపు తీసే ఉంది, మేం వరండాలో ఉన్నాం. వాళ్లు ఉర్దూలో మాట్లాడుకున్నారు. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

ముందు ఉస్తాద్ సలాం చేశాడు. చేయి నేలకు తగిలేటట్టు వంగి, ఒకసారి కాదు, సాబు విసుగ్గా చాలన్నదాకా చేశాడు.

"ఇంత బాగా వచ్చు కదా, మరి నీ శిష్యులకు ఎందుకు నేర్పలేదు?" అన్నాడు సాబు.

"నేర్పాను హుజూర్. నేల మీద ఎట్లా చేయాలో నేర్పాను. బండి మీద చేయకూడదని కూడా నేనే నేర్పాను. ఎండలో నిలబెట్టాల్సింది నన్ను."

"బండి ఆపమని నేను అనడం లేదు. ఆపితే టపా ఆలస్యమవుతుంది. పోతూ పోతూ చేస్తే చాలు. ఒక్క క్షణం."

"ఆ ఒక్క క్షణంలోనే గుర్తు దాటిపోతుంది హుజూర్. నా తల కావాలంటే కోసి పళ్లెంలో పెట్టి పంపుతాను. బండి మీద ఉన్నవాడి కళ్లు మాత్రం అడగకండి."

సాబు లేచి నిలబడ్డాడు. "నన్ను చూసి తల దించనివాడు నా కచేరీలో ఉండడు. నేర్పేవాడూ ఉండడు, నేర్చుకునేవాడూ ఉండడు."

ఉస్తాద్ ఇంకోసారి వంగి సలాం చేసి బయటికి వచ్చాడు. ముంగిట్లో యాదగిరి దగ్గర ఆగాడు. జవాను అడ్డం వస్తే కళ్లురిమి చూశాడు. యాదగిరి మణికట్టు పట్టుకుని, నుదుటిమీద అతుక్కుపోయిన ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. "సాలు బిడ్డా, ఇంట్లకు పో," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. మళ్లీ ఆ కచేరీలో ఆయనకు పని లేదు.

ఆ సాయంత్రమే హుకుం చదివి వినిపించారు. సాబు కారు ఎక్కడ కనబడినా టపా మనుషులు సలాం చేయాలి. చేయనివాడు కొలువూ గదీ రెండూ వదిలి పోవాలి. మేం ఏం చేశామంటే, కారు దూరంగా కనబడగానే పక్క గల్లీల్లోకి తిప్పేసేవాళ్లం. గల్లీ లేనిచోట దొరికిపోయినవాడు గుండె చిక్కబట్టుకుని చేయి ఎత్తేవాడు. యాదగిరి చెయ్యి అందరికంటే ముందు లేచేది. ఎండలో నిలబడ్డ చెయ్యి అది. దాన్ని ఎవరు తప్పుపడతారు?

కొన్నాళ్లకు అతన్ని దబీర్‌పురా అవతలికి పంపారు. ఆ దారి అతనికి కొత్త. ఒక మలుపు ఉంది, మలుపు దాటగానే రైలు గేటు. మలుపుకు ముందే మూడు మూలల ఎర్ర గీత, దాని కింద గేటు బొమ్మ. సరిగ్గా ఆ పలక దగ్గర ఎదురుగా సాబు కారు వచ్చింది. యాదగిరి చెయ్యి లేచింది, తల దిగింది. పెద్ద కారు, పెద్ద సాబు, అందుకని చెయ్యి బాగా కిందినుంచి వచ్చి ఉంటుంది. ఆ కారు గేటు దాటి ఇటు రాగానే దాని వెనక గేటు వేశారు. గేటు వేసినవాడు తరవాత మాతో చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు: "మలుపు తిరిగి వచ్చిండు సాబ్. అప్పుడే చెయ్యి కిందికి దించుతుండె. తల ఎత్తిండు, గేటు సూసిండు. గంతే." బండి ఇనుప గేటును గుద్దింది. యాదగిరి అక్కడికక్కడే పోయాడు.

విచారణ పెట్టారు. కుర్చీలో ఎవరు కూర్చున్నారనుకున్నారు? ఆ మొహతమీం సాబే. ఎవరికి సలాం చేయబోయి మనిషి చచ్చాడో, ఆ చావు ఎవరి తప్పో తేల్చడానికి ఆయనే గద్దె మీద కూర్చున్నాడు. గేటు కాసేవాణ్ణి పిలవలేదు. హుకుం సంగతి ఎత్తలేదు. పనిలోంచి తీసేసిన ఉస్తాద్‌ను మాత్రం పిలిపించారు. యాదగిరితో కలిసి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు.

వరండాలో మునిషీ, అంటే కచేరీ గుమాస్తా, మమ్మల్ని పక్కకు లాగి చెప్పాడు. వాడూ భయస్తుడే, చెడ్డవాడు కాదు. "ఇనుండ్రి. నిశానీ తెల్సి గుద్దుకున్నడంటే యాదగిరిదే తప్పు. తప్పు చేసి సచ్చినోని పెండ్లానికి సర్కారు అర్ర ఉంచరు, రేపే ఖాళీ. నేర్పినోడు నేర్పలేదంటే యాదగిరి తప్పు లేదు, నౌకరీల పానం ఇడిసినట్టు. అర్ర ఆమెకే ఉంటది, పిల్లలు పెద్దగయ్యేదాక." అర్ర అంటే వాళ్లుండే ఆ గది.

"సాబు హుకుం వల్ల సచ్చిండు. గా మాట ఎందుకు రాయరు?" అన్నాను నేను.

"గా మాట రాసే కలం నా తాన లేదు బాపు," అన్నాడు మునిషీ.

ఉస్తాద్ ముంగిట్లో కూర్చున్న రాజమ్మ వైపు, ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న చిన్నపిల్ల వైపు చూశాడు. షేర్వానీ పై గుండీ ఊడి ఉంటే పెట్టుకున్నాడు. లోపలికి పిలిచారు.

"రైలు గేటు గుర్తు యాదగిరికి నువ్వు నేర్పావా?" అని సాబు అడిగాడు.

నేను వెనక నిలబడి ఉన్నాను. నేర్పాడు అని అరవడానికి నోరు తెరవబోయాను. గేటు బొమ్మ వేసిన రేకును ఆయన ఎన్నిసార్లు ఎత్తాడో, ఎన్నిసార్లు యాదగిరి అందరికంటే ముందు "ఫాటక్!" అన్నాడో నా చెవుల్లో మోగుతోంది.

"లేదు హుజూర్," అన్నాడు ఉస్తాద్. "నేర్పలేదు. మరిచిపోయాను. తప్పు నాది."

పాన్ దుకాణం వాడి దగ్గర తగ్గని మనిషి. సొంత అన్న దగ్గర తగ్గని మనిషి. ఒక గుర్తు నేర్పడం మరిచిపోయానని, తన పనిలోనే తప్పు జరిగిందని, అదీ ఆ మనిషి ముందు నిలబడి ఒప్పుకున్నాడు. సాబు మొహంలో చిరునవ్వు కూడా లేదు, తలూపి కాగితం మీద సంతకం పెట్టాడు. ఇదంతా న్యాయంగా జరిగిందని ఆయన నిజంగానే అనుకున్నాడేమో. దాన్ని తలుచుకుంటే నాకు ఇంకా ఎక్కువ మండుతుంది.

బయటికి వచ్చేసరికి మాట ముందే ముంగిట్లోకి వెళ్లిపోయింది. రాజమ్మ లేచింది. జుట్టు విరబోసుకుని ఆయన మీదికి వచ్చింది. "నీ నోట్ల మన్నువడ! ఊర్లె అందరికి నేర్పి నా మొగనికి నేర్పకపోతివా? నా ఇల్లు కూల్సినవ్ గద! నీకు మంచి సావు రాదు!" అని దుమ్ము దోసిలితో ఎత్తి ఆయన షేర్వానీ మీద పోసింది. సాబు వరండాలోకి వచ్చి చూస్తున్నాడు. ఉస్తాద్ తల దించుకున్నాడు. "హౌ బిడ్డా. నాదే తప్పు," అన్నాడు.

గేటు అవతల ఆయన్ని పట్టుకున్నాను. "ఏంది ఉస్తాద్ గట్లన్నవ్? మంది ముందల గింత అబద్ధమా?"

"ఆమెకు అర్ర ఉన్నన్ని దినాలు నువ్వు నోరు తెర్వద్దు. నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టెయ్యి."

"మంది నిన్ను ఏమంటరో ఎర్కనా?"

"అననియ్. నన్నంటే నాకు కోపమొస్తది, తిడ్త. గంతే. ఆమె పిల్లలను తీస్కొని రోడ్డు మీద వడితే నేనేం జెయ్యాలె? ఎవన్ని తిట్టాలె?" అని నా చెయ్యి తీసుకుని ఆయనే తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఎవరూ ఆయన దగ్గర నేర్చుకోలేదు. శిష్యుణ్ణి చంపినవాడన్న పేరు వచ్చింది. దబీర్‌పురా స్టేషను దగ్గర కూర్చుని సైకిళ్ల సీట్లు కుట్టుకుంటూ బతికాడు. నేను మాత్రం అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. వెళ్లగానే, "వచ్చేతోవల ఏం నిశానీలు సూసినవ్?" అని అడిగేవాడు, చెప్పలేకపోతే తిట్టేవాడు. బజార్లో రాజమ్మ ఎదురుపడితే అందరూ వినేలా శాపనార్థాలు పెట్టేది. ఆయన పని ఆపి, లేచి నిలబడి, అయిపోయేదాకా వినేవాడు. ఆ మొహతమీం సాబు పింఛను తీసుకుని, పెద్ద తోట ఉన్న ఇంట్లో, సుఖంగా ఉన్నాడు. పొద్దున నడకకు వస్తే జనం ఇప్పటికీ రోడ్డు పక్కన ఆగి వంగి వంగి సలాం చేస్తారు.

జనాజా లేచింది. భుజం పట్టాను. మట్టి వేశాను. కానీ ఇంటికి పోబుద్ధి కాలేదు. రాజమ్మ పెద్దకొడుకు రైల్వేలో చేరాడు, పోయిన ఏడే వాళ్లు సర్కారు గది వదిలి కార్వాన్‌లో ఇల్లు తీసుకున్నారు. ఇక నా ఒట్టు తీరింది. మట్టి చేతులతోనే వాళ్లింటికి వెళ్లాను.

ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఉస్తాద్ పోయాడని చెప్పాను. చేట ఆగింది. చెప్పేశాను మొత్తం, కోపంగానే చెప్పాను. ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టినందుకు ఆమె మీద కూడా నాకు కోపమే మరి. నేర్పాడమ్మా, గేటు గుర్తు అందరికంటే ముందు నీ మొగుడికే నేర్పాడు, నీ గది కోసం అబద్ధమాడాడు అని చెప్పాను.

"నాకెర్కే అన్నా," అంది రాజమ్మ.

"ఎట్ల ఎర్క?" అన్నాను.

"నా మొగడు ఇంటికొచ్చి బొగ్గుతోని గోడ మీద గీసెటోడు. ఒక్కొక్కటి నాకు గూడ సూపెట్టెటోడు. గేటు బొమ్మ నేను గూడ పోల్చుత. నేనే నేర్సుకున్న, ఆయన నేర్సుకోకుంటడా?"

"మరి ఎందుకు తిట్టినవ్?"

"తిట్టకుంటే ఆ సాబు నమ్ముతుండెనా? వరండల నిలవడి సూస్తనే ఉండె. గా దినం తిట్టినంక రేపు ఊకుంటే ఎట్ల? బజార్ల కచేరీ మనుసులు సూస్తరు. తిడ్త ఉంటే అర్ర నిలిచింది."

"నీకు తెలుసని ఉస్తాద్‌కు తెలుసా?"

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "తెల్సో తెల్వదో. ఎన్నడు అడగలే, అడిగితే ఎవరన్న ఇంటరని. అర్ర ఇడిసినంక పోయి కాళ్లు మొక్కుదామనుకున్న. పొలగాని లగ్గం మాటలొచ్చినయ్. లగ్గం అయినంక పోదామనుకున్న." చేట పక్కన పెట్టింది. చెంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది.

జనాజా దగ్గర పెద్దమనుషులు ఏమన్నారో చెప్పాను. రాజమ్మ ఏడుపు ఆపి తలెత్తింది.

"నువ్వు సద్వుకున్నోనివి. అందరికెర్కయ్యేటట్టు రాయన్నా. నా పేరు వెట్టి రాయి. రాజమ్మ తిట్టిన తిట్లల్ల ఒక్కటి గూడ నిజం గాదని రాయి."